షిఫ్టు మెసేజ్

డాంకాస్టర్‌లో నాకు తెల్లారేది ఫోన్‌లోనే.
మెసేజొస్తే ఆ పూటకి పనున్నట్టు.

గోదాము గేటు దగ్గర వానలో గ్లెనిస్,
చంకలో యూనియన్ కరపత్రాలు.
ఒకటి తీసుకున్నా,
కెమెరాకి వీపు పెట్టి.

లోపల క్రెయిగ్ జోకేస్తే
అందరికన్నా ముందు నవ్వింది నేనే.
నిజానికి అర్థం కాలేదు.
పోయిన వారం నవ్వని డారియుష్
ఈ వారం లిస్టులో లేడు.
అందుకేనా? ఏమో.
ఆ 'ఏమో'యే మా అసలు సూపర్‌వైజరు.

కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి
నీళ్లు దిగే బూటులో వేసుకున్నా.
పది గంటలు దానిమీదే నిలబడ్డా.

రాత్రి బూటు విప్పితే
కాగితం పిండిపిండి.
గ్లెనిస్ పెన్నుతో రాసిచ్చిన నంబరు మాత్రం
మేజోడుకి అంటుకుంది,
తిరగబడి.
అద్దం ముందు పడితే చదవొచ్చు.

పట్టలేదు.
ఉతకనూ లేదు.