మగ్గం గుంటలో చీమలు

డాక్టరమ్మ కాగితం మీద ఒక అంకె వేసి
కింద రెండు గీతలు గీసింది.
ఇంటికొచ్చి ఆ కాగితాన్ని
దేవుడి పటం వెనక దోపాను,
చదివితే ఆయనే చదువుకుంటాడని.
ఛెనాపోడ మాత్రం మగ్గం గుంటలో దాచాను.

సాల ఆకు పొట్లం. అడుగున మాడిన చెక్కు.
ఆ మాడులోనే ఉంటుంది అసలు సంగతి.
ఖల్లి సాహు నాకోసం పళ్లెం మూల కోసి పక్కన పెడతాడు,
ఇరవై ఏళ్ల అలవాటు, అడగక్కర్లేదు.
నాడె అటెళ్లి ఇటొచ్చే సందులో ఒక ముక్క.
కుంభం అంచు ఒక వరస తేలితే
ఇంకో ముక్క.
కాళ్లు గుంటలో, నోరు స్వర్గంలో.

ఇంట్లో నాది ముని వేషం.
చప్పిడి టీ, కుంతల చూస్తుండగా,
కషాయం మింగినట్టు మొహం పెట్టి తాగేవాణ్ని.
దేవాంగుల వీధంతా చెప్పుకుంది పాపం:
"మా ఆయన తీపి ఒగ్గేసినాడు."

పట్టించింది చీమలు.
పెళ్లి చీర. ఎర్ర పడుగు మీద
ఎర్రచీమల బారు.
ఎరుపు మీద ఎరుపు, నాకు ముందు తెలీలేదు,
దారమే కదులుతోందనుకున్నాను.
కుంతలకి తెలిసింది.
వేలితో వాటి వెంటే వెళ్లింది,
పోగులు దాటి, అచ్చు దాటి,
తొక్కుడు చెక్క కిందికి,
పొట్లం దాకా.

తిట్టలేదు.
పొట్లం తీసి నా ఒళ్లో పెట్టింది.
"మూడు వేల పోగులు లెక్కెట్టగలవు.
ముక్కలు లెక్కెట్టుకోలేవేటి?"

పంతొమ్మిదేళ్ల తరవాత
తాలింఖానా గడప తొక్కాను.
బైరాగి ఉస్తాదు దండేసిన పటంలో ఉన్నాడు,
మీసం ఇంకా బరువుగానే ఉంది.
ఒకప్పుడు ఇక్కడే
నూటపది కిలోలు తలమీదికెత్తి
ఊపిరి బిగబట్టి నవ్వాను.
ఈ సంగతి నేనే చెప్పాలి,
చూసినవాళ్లు చాలామంది పోయారు.

ఇప్పుడు నాకిచ్చింది ఉత్త కడ్డీ.
చక్రాలు లేవు.
కూర్చుని లేవబోతే
మోకాళ్లు మగ్గం గుంట ఎక్కడని అడిగాయి.
పదహారేళ్ల మొనాలీ తన వంతు ఆపి
సగం ఒడియా సగం తెలుగు కలిపి అరిచింది:
"మౌసా, నడుం నిలబెట్టు! నేలకేసి సూడకు!"
నా కూతురు కంటే చిన్నది.
నిలబెట్టాను.

చేతులకి తెల్లపొడి రాసుకుంటే
వేలు దానంతటదే నోట్లోకి పోయింది.
సుద్ద.
పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను.
నాలుక నవ్వలేదు.

ఠాకురాణి జాతరలో తప్పాను.
పులివేషాల డప్పు, చెమట, గంధం వాసన,
జనంలోంచి ఖల్లి సాహు చాచిన చెయ్యి.
ఒకటి అనుకుని నాలుగు.
మర్నాడు సిగ్గుతో ముసుగుతన్ని పడుకుంటే
గుమ్మంలో టపీమని చప్పుడు.
నా చెప్పులు, కొసలు వీధివైపు.
కుంతల అప్పటికే వంటింట్లోకి పోయింది.

కడ్డీకి ఇప్పుడు చెరో పక్క చిన్న చక్రం పడింది.
బరంపురంలో ఎవరూ దీన్ని పేపర్లో వెయ్యరు.
తాలింఖానాకి దారి సాహు కొట్టు ముందు నుంచే.
ఇంకో దారి లేదు.
ఉంది, చుట్టు తిరుగుడు.
కుంతల దాన్నే పొమ్మంటుంది,
నడకా కలిసొస్తుందని.
కొన్నాళ్లు వింటాను.
సాహు మూల ముక్క కోసి పెట్టడం
ఇంకా మానలేదట.

నిన్న మధ్యాహ్నం
ఆ పాత దారినే ఒక్క చీమ వచ్చింది.
పడుగంతా దాటి, గుంటలోకి దిగి,
ఖాళీ చెక్క చుట్టూ తిరిగింది,
ఆగింది, మళ్లీ తిరిగింది.
నాడె ఆపి కూర్చున్నాను.
ఊదేద్దామని వంగి
ఊదలేకపోయాను.