తాళానికి చెవి

పెదజాలారిపేటలో దిగిన తొమ్మిదో రోజు
నా గది తాళం నన్ను గుర్తుపట్టలేదు.
మధ్యాహ్నం మూడు. చేతిలో అరకిలో వంజరం,
సంచి అడుగు నుంచి మెట్ల మీదికి
బొట్టు బొట్టుగా నీళ్లు.

కొబ్బరినూనె ఉందా అని కేకేస్తే
కింది వాటా ఎల్లాజీ గారు పెన్సిలు పట్టుకొచ్చారు.
షిప్‌యార్డులో ముప్పయ్యొక్కేళ్లు ఫిట్టరు.
ఇప్పుడు మెట్ల కింద, స్టూలు మీద, ఉద్యోగం.

"నూనె ఎయ్యకమ్మా. నూనె సుట్టాల్ని పిలుస్తాది.
దుమ్మొస్తాది, ఇసకొస్తాది, ఇంకెవులూ ఎల్లరు.
పెన్సిలు పొడుం అలక్కాదు,
పేకముక్కల్లాగ పొర మీద పొర జారిపోతాది."
చెవి పళ్లకి రుద్దారు, నల్లగా, మెత్తగా,
పసిబిడ్డకి కాటుక దిద్దినంత ఓపికగా.

తాళం కదల్లేదు.

"కూసేపాగు" అన్నారు. మెట్టు మీద కూర్చున్నాను.
సముద్రం మీంచి గాలి నా జుట్టుని ముద్ద చేసింది.
"పగలు గాలి ఇటెందుకొస్తాదో ఎరికా?
నేల తొందర మనిషి, బేగి ఏడెక్కిపోతాది.
ఏడిగాలి పైకి లెగిస్తే ఆ కాళీలోకి
సంద్రం తన సల్లగాలిని తోస్తాది.
రేత్రి తిరగబడతాది. మా మావ
ఆ గాలి మీదే తెప్ప ఏసుకెల్లీవోడు,
ఇంజినూ లేదు, డీజిలూ లేదు."

ఇంకోసారి తిప్పారు. ఊహూఁ.

ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యం గింజలు వెయ్యమన్నారు.
ఉప్పుకి దాహమట, బియ్యానికి ఇంకా దాహమట.
నేను తెలివిగా, "తడిసిన ఫోనుకీ అంతేగా?" అన్నాను.
"మా సిన్నోడు అలగే కుంచెడు బియ్యంలో
మూడ్రోజులు పాతెట్టీసినాడు.
ఫోను లెగలేదు. బియ్యం వండుకున్నాం."

సీసా మూత బిగుసుకుంటే వేడినీళ్లు
మూత మీదే పొయ్యాలి, గాజు మీద కాదు.
చేతికి చేప వాసనైతే సబ్బు తరవాత,
ముందు చింతపండు. నీచుకి పులుపంటే పడదు.
జిప్పు పట్టేస్తే కొవ్వొత్తి ముక్క.
"ఇయన్నీ మా ఆవిడికి సెప్పీవోణ్ణి.
నాను కారణం కాడికొచ్చీసరికి
ఆవిడ పని సేసీసి, పొయ్యి కాడుండీది."

హార్బరులో ఓడేదో కూసింది, దూరంగా, బొంగురుగా.
"రేత్రైతే ఇదే కూత మంచం పక్కనుంటాది.
నీటి మీద సల్లగాలి, దాని మీద ఏడిగాలి.
ఆ దుప్పటి సప్పుడిని పైకి పోనియ్యదు, ఒంచి మన మీదకే తోస్తాది."
కాసేపు పెన్సిలు మొన చూసుకున్నారు.
"కారణం తెలిసినా నిద్దరట్టదనుకో."

ఇంతలో ఆయన మనవరాలు జ్యోత్స్న
బడిసంచితో మెట్లెక్కుతూ వంగి చూసి,
"ఇది ట్యాంకు గది చెవి కదా ఆంటీ!"

గుంట అన్నది నిజమే.
అదే ఇత్తడి, అదే గుండ్రటి తల.
నా గది చెవి పర్సు అడుగున
బస్సు టిక్కెట్లలో పడుకుని ఉంది.
ఒక్క తిప్పు. తాళం నోరు తెరిచింది.

ఎల్లాజీ గారు ఆశ్చర్యపోలేదు.
పెన్సిలు చెవి సందున దోపుకుని
"ఎండ తగ్గినాది" అంటూ దిగిపోయారు.
చేప మాత్రం నా కోసం ఆగలేదు,
ఆ పూట పులుసులో చింతపండు రెండింతలు పడింది.

తెల్లారి ఆయన నూతి గిలక బిగిస్తుంటే చూశాను.
డబ్బా నిండా నట్లు. కళ్లతో వెతకరు.
వేలికొస తగిలితే చాలు,
ఏది ఏ బోల్టుకో చెప్పేస్తారు.

మీకో చిట్కా.
ఒకేలాంటి తాళంచెవులు రెండుంటే
ఒకదాని తల మీద గోళ్లరంగు చుక్క పెట్టండి.
ఎరుపైతే చీకట్లోనూ పోల్చుకోవచ్చు.
సీసా కొన్నాను.
ఇంకా పెట్టలేదు.