సాక్షి సంతకం

మిర్చి యార్డు ఘాటుకి
దారిన పోయే బస్సు కూడా తుమ్మే ఊరు మాది.
అయినా అరండల్‌పేటలో
మా కోడి వేపుడికి ఎరుపు
డబ్బాలోంచే వస్తుంది.
కలిపేది నేనే, మోచేతి దాకా.

మంగళవారం, మంచి గిరాకీ వేళ
ఫుడ్డు ఇన్‌స్పెక్టరమ్మ వెనక గుమ్మంలోంచి వచ్చింది.
ఫ్రిజ్ తెరిచి ఒక్క అడుగు వెనక్కేసింది.
ఆదివారం నానబెట్టిన ముక్కలు,
పక్కనే ఓనరుగారి మజ్జిగ చెంబు.
దానికి మాత్రం మూతుంది.
నల్లబడ్డ నూనెలో ఆవిడ నీడ కూడా తేలలేదు.
బొద్దింక ఒకటి తీరిగ్గా
గ్రైండరు కిందికి నడిచింది,
ఖాతా ఉన్న కస్టమరులా.

ముక్కల్ని నాలుగు సీసాలకెత్తి
లక్క కరిగించి సీలేశాక
"సాక్షి ఎవరు?" అంది.
మాస్టరు పొయ్యి వైపు తిరిగాడు.
సప్లయర్లకి హఠాత్తుగా టేబుళ్ళు గుర్తొచ్చాయి.
"నీ పేరేంటి?"

ఎనిమిదేళ్ళుగా నేను "ఒరేయ్ గిన్నెలూ".
జీతాల పుస్తకంలోనూ అంతే:
గిన్నెలు, ఒకటి.
"యలమంద," అన్నాను.
ఇంటిపేరు అడిగింది. చెప్పాను.
నాన్న పేరు చెప్పేటప్పుడు
గొంతు కొంచెం పెరిగింది.

ఓనరు చూపు వీపు మీద
పెనమ్మీది నీళ్ళలా చిటపటలాడుతుంటే
రాశాను.
సున్నా గుండ్రంగా పెట్టాను.

ఫినాయిలు పోసి పారేసిన ముక్కల దగ్గర
కుక్క కూడా ఆగలేదు.
పొద్దున నేను తిన్నది వాటినే.
అది ఎవరూ రాసుకోలేదు.

రాత్రి చిన్నది నా వేళ్ళు చూసి
"మిరప కోతకెళ్ళావా నాన్నా?" అంది.
ఆ కాగితం మీదా, పేరు పక్కన,
ఎర్రగా అంటుకునే ఉంటుంది.
రేపు పనుంటుందో లేదో.
మూడు రోజులకి గానీ పోదు ఈ రంగు.