పదిహేను కిలోలు

ఆచార్య కల్యో పంపిన జాబితాలో మొదటి మాట:
జీన్సు వద్దు.
మబ్బుల అడవిలో నూలుబట్ట ఆరదు,
తడిసి మోపెడవుతుంది.
ఆయనకు చమత్కారం తెలీదు,
నిజంగా మోపెడనే అర్థం.

కిటికీ బయట తార్తు ఊరంతా ఫిబ్రవరి.
గడ్డకట్టిన నది మీద ఎవరో కుక్కను నడిపిస్తున్నారు.
లోపల నా మంచం మీద ఈక్వడార్:
దోమతెర, తలకు కట్టుకునే దీపం, దానికో ఎర్రగాజు,
నాచు నమూనాలకు వార్తాపత్రికతో మడిచిన పొట్లాలు రెండువందలు,
ఒక్కో పొట్లం మీదా ఒక్కో చచ్చిన వార్త.

మా దేశంలో అన్నిటికన్నా ఎత్తైన కొండ పేరు
పెద్దగుడ్డు కొండ.
మూడువందల పద్దెనిమిది మీటర్లు.
చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళ్తే
ఆయాసం రాకముందే శిఖరం వచ్చేసింది,
ఐస్‌క్రీం కొనుక్కుని దిగిపోయాం.
ఇప్పుడు వెళ్లేచోట వంటిల్లే
రెండువేల రెండొందల మీటర్ల మీద ఉందట.
నీళ్లు తొందరపడి మరుగుతాయట,
చిక్కుళ్లు మాత్రం ఎంతకీ ఉడకవట.

నా గదిలో ఉండే తీయు న్యాయశాస్త్రం చదువుతోంది.
నా సంచీ ఎత్తుకుని తూకం యంత్రమెక్కి
తన బరువు తీసేసి తీర్పు చెప్తుంది:
"పద్దెనిమిదిన్నర."
గొడుగు తీశాను, అక్కడ వాన పక్కనుంచి వస్తుందన్నారు.
రెండో తువ్వాలు తీశాను.
స్పానిష్ నిఘంటువు సగానికి చింపేద్దాం అంది తీయు,
"ఎం అక్షరం దాకా చాలు,
ఆ తర్వాతి మాటలు నువ్వెలాగూ మాట్లాడవు."
నాచుకు వాళ్ల మాట ముస్గో.
ఎం లోనే ఉంది. బతికాను. చింపేశాం.
పదహారుంబావు.
అడుగున దాచిన జీన్సు కూడా తీశాను,
తీయు నా మొహంలోకి చూడకుండా మర్యాద చూపించింది.

బూట్ల సంగతి వేరు.
నలభై రెండు దాటిన పాదాలవాళ్లు
రబ్బరు బూట్లు సొంతంగా తెచ్చుకోవాలి,
కొండకింది అంగట్లో అంతకుమించి దొరకవు.
నావి నలభై నాలుగు.
బడిలో ఈ పాదాలకు పెట్టిన పేర్లు ఇక్కడ రాయను.
సంచీలో పట్టవు కనక
తొడుక్కునే వెళ్తాను, మూడు విమానాలూ.

ముందు కడగాలి. మన మట్టి రేణువు కూడా రాకూడదు,
బురదలో దాగిన బూజు అక్కడి కప్పలకు చావు.
స్నానాలగది గచ్చు మీద కూచుని
పళ్ల బ్రష్షుతో గాడి గాడీ తోమాను.
కిందటి సెప్టెంబరు చిత్తడినేల,
క్రాన్‌బెర్రీలు ఏరిన పొద్దు,
మార్గుస్ నా చెయ్యి పట్టుకుని
ఏమీ అనకుండా వదిలేసిన మధ్యాహ్నం,
అంతా టీ రంగు నీళ్లై తూములోకి.
ఒక్క పైన్ ఆకు మాత్రం రానంది.
పిన్నీసుతో పొడిచి తీశాను.

జాబితా అడుగున వేరే చేతిరాత, స్పానిష్‌లో.
అక్కడ వంట చూసే రొసౌరాదట.
కల్యో గారు దాన్ని అలాగే వదిలేశారు,
పనికొచ్చే విషయం కాదనుకున్నారేమో.
నా సగం నిఘంటువుతో కూచున్నాను.
పోయినేడాది పొడుగబ్బాయి ఉన్నిటోపీ మరిచిపోయాడు.
మా కోడి దాంట్లో పొదుగుతోంది.
దానికోసం రావద్దని చెప్పండి.
చివర ఒక మాట అందలేదు,
పి తో మొదలైంది.
చెత్తబుట్టలోంచి రెండో సగం తీసి,
నారింజతొక్క దులిపి వెతికాను:
పిల్లలు.
ఎన్ని పిల్లలో రాయలేదు.
ఇంకో కోడి కూడా ఉంది, అని మాత్రం రాసింది.

"సరిగ్గా పదిహేను" అంది తీయు యంత్రం మీంచి.
"ఇక పొట్లం కూడా పెట్టకు."

పెట్టను.
తెల్లవారుజాము బస్సు, బయట మైనస్ పద్నాలుగు.
అమ్మమ్మ అల్లిన బూడిదరంగు టోపీ
ఎలాగూ నెత్తిమీదే వస్తుంది.
తిరిగొచ్చేటప్పుడు
చెవులు కాస్త చల్లబడతాయి, అంతే.