మూడంటే అయిదు

బేతంచెర్లలో మా మిల్లు మొదలయిందంటే
మాట చచ్చిపోతాది.
రాయి మీద రంపం, రంపం మీద నీళ్లు,
చెవిలోపల ఇంకో రంపం.
ఓయ్ అని పిలిస్తే
నోరు తెరుచుకోవడమే కనిపిస్తాది,
తొట్లో చేప పిలిచినట్టు.

అందుకే చేతులతో మాట్లాడుకుంటాం.
ఎవరు కనిపెట్టినారో తెలీదు.
పిడికిలి బిగిస్తే కరెంటు పోయిందని,
రెండు వేళ్లు పెదాల కాడ పెడితే బీడీ,
అవే వేళ్లు కొంచెం ఆడిస్తే
మస్తానమ్మ టీ తెచ్చిందని.
గదమ కింద గీరితే ఓనరు వస్తాన్నాడని.
గడ్డమున్న ఆ ఓనరు సచ్చిపోయి ఆరేండ్లు.
ఆయన కొడుకుది నున్నటి గదమ.
మేం మటుకు
లేని గడ్డాన్ని ఇంకా గీరుకుంటానే ఉండాం.

అరచేయి ఎత్తితే అయిదు.
అయిదడుగుల బండ.
మా మిల్లులో అంతే.

ప్యాపిలి నుంచి వచ్చినాడు సుంకన్న,
పద్దెనిమిదేండ్లు, మీసమింకా అనుమానంగా ఉంది.
నాలుగో దినం
బండ పక్కకు జారుతాందని
ఖాజావలి అరచేయి ఎత్తినాడు.
ఆగు అని.
లోకమంతటా అరచేయంటే ఆగే కదా.
సుంకన్నకు మాత్రం మేమే నేర్పించినాం,
మూడు దినాలు, తిట్టి తిట్టి నేర్పించినాం,
అరచేయంటే అయిదని.
పిల్లోనికి చదువు బాగానే ఒంటబట్టింది.
తలూపి
అయిదడుగుల బండ లోపలికి తోసినాడు.

చిటికెన వేలు, ఉంగరం వేలు.

పంచాయితీలో ఖాజావలి
ఆగమన్నా అన్నాడు.
కట్టుకట్టిన చేయి ఒళ్లో పెట్టుకోని సుంకన్న
అయిదన్నావు అన్నాడు.
ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

ఇంట్లో బియ్యం నిండుకున్నాయి అంటాది మా మద్దిలేటమ్మ.
పాపకింకా తెలీదు,
డబ్బా మూత తీసి తొంగి చూసి
యాడ నిండినాయ్ మా? అంటాది.
ఏం చెప్పాల?
లేదు అనే మాటకు భయపడి
ఎవరో ముసలామె ఎన్నడో తిప్పి చెప్పింది.
ఇన్ని కరువులు పోయినా
ఆమె భయమే మా నోట్లో ఉంది.
దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం.
పోతానని చెప్పి ఎవరూ పోరు.
వస్తా అన్నాడు మా నాయన కూడా,
కర్నూలు పెద్దాసుపత్రికి
ఆటో ఎక్కతా ఎక్కతా.

ఒక ఆదివారం నలుగురం గుహలకు పోయినాం.
బిలస్వర్గమో బిల్లసుర్గమో,
ఒక్కో నోట్లో ఒక్కో తీరు.
లోపల ఎప్పటివో ఎముకలు దొరికినాయంట.
మాటలేమీ దొరకలేదంట.
చానా దినాలకు నిశ్శబ్దం,
అదీ నా చెవిలో గుయ్యిమంటానే.
సుంకన్న ఓ అని అరిచినాడు.
గుహ ఓ అంది.
పిలిచిందీ ఓ, పలికిందీ ఓ.
ముందు ఎవరు పిలిచినారో
ఆ క్షణాన నాకే అనుమానమొచ్చింది.

ఇట్లాంటి చీకట్లోనే కదా
మంట పక్కన ఎవతో ఒకతె
మొదటిసారి చేయి ఎత్తి ఉంటాది.
ఆగమనో, ఇమ్మనో,
ఇదిగో ఇది నా చేయి అనో.
ఎదురుగా ఉన్నోనికి ఏం తెలిసిందో ఏమో,
తలయితే ఊపి ఉంటాడు.

సుంకన్న మళ్లా పనిలోకి వచ్చినాడు.
వాడు అరచేయి ఎత్తితే
కనిపించేది మూడు వేళ్లే.
మేం అయిదడుగుల బండ తెస్తాం.
ఎవరూ కూచోని మాట్లాడుకోలేదు,
అట్ల కుదిరిపోయింది.
నిజంగా మూడే కావాల్నంటే
ఎడమచేయి ఎత్తుతాడు.

మొన్న డోన్ నుంచి ఒక పిల్లోడు చేరినాడు.
సుంకన్న చేయి చూసి
మూడడుగులది మోసుకొచ్చినాడు పాపం.
కాదని తలూపి
వాని అయిదు వేళ్లూ పట్టి విప్పి చూపించినా.
వాడు నా దిక్కు, సుంకన్న దిక్కు చూసి
నోరు తెరిచినాడు.
వినపడలేదు గానీ
పెదాలు ఎందుకు అన్నట్టే కదిలినాయి.

రంపం తిరుగుతాంది.
ఎందుకు అనేదానికి
మా కాడ సైగ లేదు.