చదువు రొట్టె

నూట ఇరవై ఎనిమిది పేజీలు.
ట్రంకురోడ్డు జిరాక్స్ షాపులో
ఖాజావలి నీలం అట్ట వేసి
వెన్ను మీద బంగారు అక్షరాలు అచ్చొత్తుతూ
"ఇంతకీ దేని మీదమ్మా?" అన్నాడు.
"సర్వీస్ డిజైన్" అన్నాను.
"సర్వీసా? మిక్సీలకా, మోటార్లకా?"

నవ్వి ఊరుకున్నాను.
రెండేళ్లుగా ఆ ప్రశ్నకే కదా
జవాబు రాస్తున్నాను.

పోయిన మొహర్రానికి
స్వర్ణాల చెరువు గట్టున నిలబడ్డాను,
మెడలో కాలేజీ కార్డు, చేతిలో స్టాప్‌వాచీ.
పసుపు చీటీల మీద రాసుకున్నాను:
తడిసిన మెట్లు, చెప్పుల గుట్ట,
మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు,
ఆత్మకూరు బస్టాండు నించి దర్గా దాకా
ఒక ముసలాయన ఎన్నిసార్లు దారడిగాడో.
(పదకొండు.)
మోకాలి లోతు నీళ్లలో జనం,
తల మీద గుడ్డ, చేతిలో రొట్టె.
"పెళ్లి రొట్టె, పెళ్లి రొట్టె!"
"ఇంటి రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?"
"ఉద్యోగం ఇటు, ఉద్యోగం!"

కౌంటరు లేదు. టోకెను లేదు.
పాస్‌వర్డ్ మర్చిపోయినవాడు లేడు.
కోరిక తీరినవాడు తెచ్చిస్తాడు,
తీరాల్సినవాడు అక్కడే తింటాడు,
తీరితే మరుసటి ఏడు వచ్చి
ఇంకెవరి చేతిలోనో పెడతాడు.
అప్పు ఒకరి దగ్గర, చెల్లు ఇంకొకరికి.

మా గైడు వీడియో కాల్లో అన్నాడు:
"బాగుంది. కానీ సమస్య ఏదీ?"
వెతికాను. పిల్లలు తప్పిపోవడం దొరికింది.
చేతికి కట్టే పట్టీ గీశాను, గేటుకో రంగు.
"రంగులు తెలీనోడికో?" అన్నాడు
డ్యూటీలో ఉన్న కానిస్టేబులు.
రంగుల పక్కన బొమ్మలు పెట్టాను:
చేప, నిమ్మకాయ, వరికంకి, పడవ.

ఆ సాయంత్రమే
కలువాయి నించి వచ్చిన పెంచలమ్మ
నీళ్లలోంచి కేకేసింది:
"పొద్దుట్నించి చూస్తుండా.
ఏంది మే రాసుకుంటుండావు? నీకేం గావాల?"
"ఏం వద్దమ్మా, గమనిస్తున్నానంతే."
"దిగకుండా ఏం తెలుస్తాది మే నీకు?"

ప్యాంటు మడిచి దిగాను.
బురద చల్లగా కాలివేళ్ల మధ్యకొచ్చింది.
ఆమె కూతురు నర్సింగు పాసయిందట.
కొంగులో చుట్టుకొచ్చిన రొట్టె,
ఒక అంచు మాడింది,
సగం తుంచి నా చేతిలో పెట్టింది.
"చదువు రొట్టె. తిను.
మళ్లీ తెచ్చియ్యాల, మర్చిపోబాక."

ఆ రాత్రి నోట్సులో
పద్నాలుగో టచ్‌పాయింటు అని రాశాను.
తెల్లారి కొట్టేశాను.
ఏమని రాయాలో తెలీక ఖాళీ వదిలాను.
ఆ ఖాళీ ఇప్పటికీ డెబ్భై మూడో పేజీలో ఉంది.
అచ్చుతప్పా అని అడిగారు వైవాలో ఒకాయన.
కాదు సార్ అన్నాను. ఇంకేం చెప్పలేకపోయాను.
మార్కులు పోయే ఉంటాయి, పోనీ.

మళ్లీ మొహర్రం.
పిండి కలిపాను. నాకు రొట్టె గుండ్రంగా రాదు.
మొదటిది పెన్న పాయలా సాగింది,
రెండోది బొగ్గు.
ప్రోటోటైపులు, అనుకుంటే నవ్వొచ్చింది.
మూడోది పర్వాలేదు.

చెరువులో దిగి, చున్నీ తలమీదికి లాక్కుని
"చదువు రొట్టె" అన్నాను. గొంతు పెగల్లేదు.
మళ్లీ అన్నాను.
ప్రయత్నించి చూద్దామని ఒప్పుకున్న
రెండొందల పట్టీలు ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి.
తండ్రి భుజాన ఒక పాప
మణికట్టు మీది చేపను చప్పరిస్తోంది.

ఒక కుర్రాడొచ్చాడు, డిప్లొమా,
మూడు సబ్జెక్టులు ఉండిపోయాయట.
రొట్టె తీసుకుని, తినకుండా ఆగి
"నిజంగా తీరుద్దా అక్కా?"

శాంపిల్ ఎంతుండాలో,
ఏది రుజువో ఏది కాదో
ఒక అధ్యాయమంతా రాసినదాన్ని.
"నాకైతే తీరింది" అన్నాను.
"తిను. మళ్లీ తెచ్చియ్యాల, మర్చిపోబాక."

తిన్నాడు. నమిలాడు. కాసేపాగి
"ఉప్పు ఎక్కువైందక్కా" అన్నాడు.