వాసన లేని చుక్క

కొరుక్కుపేటలో గూడ్సు బండి వెళ్లేదాకా
పాఠం ఆపడం మాకు అలవాటే.
పిల్లలు పెదాలతో పెట్టెలు లెక్కపెడతారు.
ఆ రోజు అందరికీ నలభై రెండు,
మస్తానమ్మకు నలభై మూడు.
వాళ్లు ఒప్పుకోలేదు, తనూ తగ్గలేదు.

ఏడో తరగతి, తెలుగు మీడియం, పందొమ్మిది మంది.
పుస్తకంలో అరవై నాలుగో పేజీ:
నీటి ఆవిరి చల్లబడి నీరుగా మారుటను సాంద్రీకరణం అందురు.
అందురు. ఎవరందురు?
చిన్నప్పుడు నేనూ అన్నాను,
కళ్లు మూసుకుని, గుక్క తిప్పుకోకుండా.
పదికి పది వేయించుకుని ఇంటికెళ్లి
చల్లటి చెంబు మీది తడిని లంగాతో తుడిచేశాను,
అది ఇదేనని తెలియక.

అందుకే ఈసారి పుస్తకాలు మూయించాను.
బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టి, రేపటికి ఐసు కావాలన్నాను.
ఐసు అనగానే మస్తానమ్మ లేచింది.
వాళ్ల నాన్న కాసిమేడు హార్బర్లో ఐసు కొట్టే మనిషి.

మర్నాడు గోనె గుడ్డలో చుట్టి తెచ్చింది.
ముందు వాసన వచ్చింది, తర్వాత తను.
వంజరం, రొయ్య పొట్టు, పడవ అడుగున నిలిచిన నీళ్లు.
క్లాసంతా ముక్కులు మూసుకుని నవ్వింది.
ఆ పిల్ల తల దించుకునే
గ్లాసు నిండా ఐసు వేసి, నీళ్లు పోసింది.

రెండే నిమిషాలు. మద్రాసు గాలికి తొందరెక్కువ.
గ్లాసు మసకబారింది, చెమర్చింది,
ఒక చుక్క ఇంకో చుక్కను కలుపుకుని
బల్ల మీదికి జారింది.

"ఈ నీళ్లెక్కడివి?"

"గ్లాసు కారుతోంది మిస్," పెంచలయ్య.
"పైనుంచి పొర్లింది."
"లోపలి చల్లదనమే బయటికొచ్చి నీళ్లయింది,"
అంది ఎస్తేరు, చాలా అందంగా, చాలా తప్పుగా.

నా నాలుక చివర జవాబు దురద పెడుతోంది.
ఇరవై రెండేళ్లలో చెప్పడం వచ్చింది గానీ
నోరు మూసుకోవడం ఇప్పుడిప్పుడే వస్తోంది.
సంచిలో నీలం సిరా ఉంది.
లోపల రంగు కలిపితే బయటికి రంగు వస్తుందా చూద్దామని
ట్రైనింగులో నేర్పిన ఉపాయం.
తీయబోతున్నాను,

మస్తానమ్మ ఒక వేలు గ్లాసు బయట రాసింది,
ముక్కు దగ్గర పెట్టుకుంది.
రెండో చేతి వేలు లోపల ముంచింది,
అదీ వాసన చూసింది.
"మిస్, లోపల చేప కంపు. బయట లేదు.
కారితే కంపు కూడా కారాలి గదా?"

గూడ్సు బండి రాకుండానే క్లాసు ఆగిపోయింది.

తర్వాత పందొమ్మిది ముక్కులు.
ఇందాక నవ్విన వాళ్లే
కంపు కోసం వరసలో నిలబడ్డారు.
పెంచలయ్యకు మాత్రం బయటా కంపే.
వాడి చెయ్యి సబ్బుతో కడిగించి
మళ్లీ చూడమంది తనే.
సిరా సీసా మూత నేను తీయలేదు.

"అయితే గాలిలోంచా?" మెల్లగా ఎవరో.
"గాలిలో అన్ని నీళ్లుంటే
మా అమ్మ తెల్లారి నాలుక్కి
లారీ దగ్గర బిందె పట్టుకుని ఎందుకు నిలబడాలి?"
పెంచలయ్యే. కోపంగానే అడిగాడు.
అరవై నాలుగో పేజీలో దీనికి జవాబు లేదు.
నా దగ్గరా లేదు. ఆ మాటే చెప్పాను.
ఒక గ్లాసుకు ఎన్ని నీళ్లొస్తాయో ముందు కొలుద్దామన్నాను.
వాడు ఇంటి నుంచి గీతలున్న
దగ్గుమందు మూత తెస్తానన్నాడు.

సాంద్రీకరణం అని బోర్డు మీద రాసింది
బెల్లు కొట్టాక,
చాలాసేపు కబుర్లాడిన మనిషిని
వెళ్లబోయే ముందు పేరడిగినట్టు.

సాయంత్రం నోటు పుస్తకాలు దిద్దుతుంటే
మస్తానమ్మ పేజీలో రెండే వాక్యాలు:
చుక్కకు వాసన లేదు.
గూడ్సుకు ఇంజనుతో కలిపి నలభై మూడు.

మొదటిదానికి టిక్కు పెట్టాను.
కాసేపు ఆగి, రెండోదానికీ పెట్టాను.
బస్సులో కిటికీ పక్కావిడ కొంచెం జరిగి కూర్చుంది.
నా వేళ్లకింకా వంజరం వాసన.